పెళ్లిరోజు ఉంగరానికి పచ్చ గార్నెట్ చూపించారు, ఏ ట్రీట్‌మెంటూ లేదంటే నమ్మొచ్చా?

కృష్ణవేణి_గుంటూరు
వచ్చే నెలతో మా పెళ్లయి 20 ఏళ్లు. పదో పెళ్లిరోజుకు మావారు కొనిచ్చిన పచ్చ (ఎమరాల్డ్) రాయి ఉంగరం ఒకటుంది. మూడు నెలల కిందట మెరుగు పెట్టించడానికి ఒక షాపులో ఇస్తే ఏదో మెషీన్‌లో వేసి కడిగారు. తిరిగి చేతికొచ్చేసరికి రాయి మసకబారి, లోపల తెల్లటి గీతలు తేలాయి. అడిగితే "పచ్చల్లో నూనె ఉంటుంది మేడమ్, అది పోయింది, అన్నిటికీ ఇంతే" అన్నారు. కొన్నప్పుడు ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. పదేళ్లు వేలికి పెట్టుకున్న రాయిలో నూనె ఉందని అప్పుడే తెలిసింది. ఏడుపొక్కటే తక్కువ.

ఈసారి నూనె, వేడి, రంగు ఏదీ తగలని రాయి కావాలని పట్టుబట్టాను. విజయవాడలో ఒక చోట పచ్చ గార్నెట్ చూపించారు. 1.32 క్యారట్లు, క్యారట్ 58 వేలు. రాయికే 76 వేల పైన అవుతుంది. "ట్రీట్‌మెంట్ లేనిది కాబట్టి ఈ రేటు, ట్రీట్‌మెంట్ చేసింది సగానికే వస్తుంది" అంటున్నారు. రంగు ముదురు ఆకుపచ్చ, చూడగానే నచ్చింది. మా ఆడపడుచేమో "గార్నెట్ అంటే ఎర్రది కదా వదినా, అంత డబ్బా" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చందు_ఉప్పల్
మీ ఆడపడుచు మాట నిజం. గార్నెట్ ఎర్రగా ఉంటుంది. మా అమ్మ దగ్గర గార్నెట్ పూసల దండ ఉంది, కొన్నప్పుడు 900 రూపాయలు. 76 వేలు పెట్టకండి.

జైపూర్_వాసు
చందు గారూ, తొందరపడకండి. నేను తొమ్మిదేళ్లుగా జైపూర్‌లో రంగురాళ్ల పనిలో ఉన్నాను. గార్నెట్ అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో ఎర్రవాళ్లు ఎక్కువ, అందుకే అందరికీ ఎరుపే తెలుసు. నారింజ రంగువాళ్లూ పచ్చవాళ్లూ కూడా ఉన్నారు. నగల్లో వాడే పచ్చవి ముఖ్యంగా రెండు. ఒకటి సావొరైట్, ఇది గ్రాసులర్ జాతి. రెండోది డిమాంటాయిడ్, ఆండ్రడైట్ జాతి. ఇవికాక పసుపు కలిసిన పచ్చలో మాలి గార్నెట్ వస్తుంది. 1994లో మాలి దేశంలో బయటపడింది, గ్రాసులర్, ఆండ్రడైట్ రెండూ కలిసిన రాయి.

కృష్ణవేణి గారూ, మీకు చెప్పిన మాటల్లో నాకు నచ్చనిది ఒకటుంది. "ట్రీట్‌మెంట్ చేసింది సగానికి వస్తుంది" అన్నారు చూడండి, సావొరైట్ విషయంలో ఆ పోలికే లేదు. వేడి చేసి సావొరైట్ రంగు పెంచే పద్ధతి మార్కెట్‌లో వాడుకలో లేదు. భూమిలోంచి తీసి సానబట్టి అమ్మడమే. పగుళ్లలో నూనె పట్టించిన సావొరైట్లు ఎప్పుడో ఒకటి ల్యాబుల్లో దొరుకుతాయి, అది చాలా అరుదు. అంటే ట్రీట్‌మెంట్ లేకపోవడం ఆ రాయికి పుట్టుకతో వచ్చిన గుణం, దానికి విడిగా రేటు కట్టకూడదు. డబ్బు కట్టాల్సింది రంగుకి, సానకి, సైజుకి, శుభ్రతకి.

అందుకని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ట్రీట్‌మెంట్ గురించి కాదండీ. అసలు అది ఏ రాయి? బిల్లు మీద ఏ పేరు రాసిస్తారు?

కృష్ణవేణి_గుంటూరు
నోటితో సావొరైట్ అన్నారు. ల్యాబ్ కార్డు అడిగితే "ఇంత చిన్న రాయికి ఎందుకు మేడమ్" అన్నారు. బిల్లు మీద "గ్రీన్ స్టోన్" అని రాస్తారట.

జైపూర్_వాసు
ఆ బిల్లుతో మాత్రం వద్దు. "గ్రీన్ స్టోన్" అంటే గాజు ముక్క కూడా గ్రీన్ స్టోనే.

సాగర్77
నా అనుభవం చెబుతా. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో "నేచురల్ గ్రీన్ గార్నెట్, 5 క్యారట్లు" అని 4,200కి వస్తే చెల్లికి లాకెట్ చేయిద్దామని కొన్నాను. లోపల మచ్చ లేదు, మెరుపు అదిరిపోయింది. ల్యాబ్‌కి ఇస్తే యాగ్ అని తేల్చారు. పూర్తిపేరు యిట్రియం అల్యూమినియం గార్నెట్, ఫ్యాక్టరీలో పెంచే స్ఫటికం. పేరులో గార్నెట్ ఉంది కదా అని అలా రాశామన్నారు అమ్మినవాళ్లు. డబ్బు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది.

చందు_ఉప్పల్
అదే నేనూ అంటున్నది.

జైపూర్_వాసు
సాగర్ గారిది మంచి ఉదాహరణ. యాగ్ నిర్మాణం గార్నెట్‌ది, కానీ అది భూమిలో దొరకదు. తూకంలోనే తేడా తెలుస్తుంది, యాగ్ సాంద్రత 4.55, సావొరైట్‌ది 3.6 దగ్గర. అదే సైజు రాయి యాగ్ అయితే బరువు బాగా ఎక్కువ తూగుతుంది. ఇంకో గుర్తు, 5 క్యారట్ల మచ్చలేని సావొరైట్ 4 వేలకు ఎక్కడా రాదు. 2 క్యారట్లు దాటిన మంచి రాళ్లే తక్కువ, 5 దాటితే మరీ అరుదు. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో 116.76 క్యారట్ల సావొరైట్ ఉంది, "లయన్ ఆఫ్ మెరెలాని" అంటారు. అది టాంజానియా రాయి. అంత సైజు దొరికింది కాబట్టే మ్యూజియానికి ఎక్కింది.

రమణ_జియాలజీ
రిటైరైన జియాలజీ లెక్చరర్ని. చర్చ మంచి దారిలో నడుస్తోంది, నాకు తెలిసిన కొంచెం కలుపుతాను.

1967లో క్యాంప్‌బెల్ బ్రిడ్జెస్ అనే స్కాట్లండ్‌కు చెందిన భూవిజ్ఞాని టాంజానియాలో ఈ ఆకుపచ్చ గ్రాసులర్‌ను కనుక్కున్నాడు. ఆ తర్వాత సరిహద్దు దాటి కెన్యాలో, సావో నేషనల్ పార్కు దగ్గర మళ్లీ పట్టుకున్నాడు. అమెరికా నగల కంపెనీ టిఫనీ 1974లో ఆ పార్కు పేరు మీదే సావొరైట్ అని పిలిచి మార్కెట్లోకి తెచ్చింది. పాపం ఆయన 2009లో ఆ గనుల దగ్గరే జరిగిన దాడిలో చనిపోయాడు. రాయి దొరికిందే 1967లో, అంటే మన నవరత్నాల జాబితా రాసిన కాలానికి ఈ రాయి ఎవరి చేతికీ రాలేదు.

పచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుందంటే, గ్రాసులర్ అంటే కాల్షియం, అల్యూమినియం ఉన్న గార్నెట్, శుద్ధంగా ఉంటే రంగే ఉండదు. అందులో అతి కొద్దిగా వనేడియం, కొన్నిసార్లు క్రోమియం చేరితే పచ్చన. మన విశాఖ కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఖొండలైట్ రాయి ఉంది కదా, దాంట్లో గార్నెట్ గింజలు కంటికే కనబడతాయి. భీమిలి వైపు ఇసుకలో కూడా ఉంటాయి. అవి ఇనుముతో తయారైన అల్మండైన్, అందుకే ఎర్రన. ఖమ్మం వైపు గరీబ్‌పేట దగ్గర దొరికే ఎర్ర గార్నెట్లతో పాతకాలంలో పూసలు చేసి దూరదేశాలకు పంపేవారు. చందు గారి అమ్మగారి దండకు చాలా గొప్ప వంశం ఉందన్నమాట, 900కి దొరికింది కదా అని తీసేయకండి.

చందు_ఉప్పల్
మాస్టారూ, గరీబ్‌పేట మా మేనమామ వాళ్ల ఊరికి దగ్గరే! అక్కడ గార్నెట్ ఉందని ఇన్నాళ్లూ తెలియదు. దండ సంగతి అమ్మకు చెప్పాను, బీరువాలోంచి తీసి మెళ్లో వేసుకుంది.

నెల్లూరి_పద్మ
కృష్ణవేణి అక్కా, మీ పాత ఉంగరం బుధుడి కోసం పెట్టుకున్నదా, ఊరికే అందానికా? మా ఇంట్లో పచ్చ అంటే చిటికెన వేలికి, బుధవారం పొద్దున. జాతకం కోసమైతే గార్నెట్ పనికిరాదేమో.

కృష్ణవేణి_గుంటూరు
అందానికే పద్మా. పెళ్లిరోజుది, ఉంగరం వేలికి.

శాస్త్రి_తెనాలి
పద్మగారు అడిగింది మంచి ప్రశ్న. శాస్త్రంలో బుధుడికి మరకతమే. కొత్తగా వచ్చిన రాయికి శ్లోకం వెతక్కూడదు. ఇంకో విషయం, రాహువుకు చెప్పే గోమేధికం కూడా ఈ గ్రాసులర్ జాతేనని చదివాను. రమణ గారు ధ్రువీకరించాలి.

రమణ_జియాలజీ
నిజమే శాస్త్రి గారూ. తేనెరంగు గోమేధికం, ఆకుపచ్చ సావొరైట్ రెండూ గ్రాసులరే. రంగునిచ్చే మూలకాలు వేరు, అంతే.

నెల్లూరి_పద్మ
అయితే ఇంతకాలం గోమేధికం పేరుతో మనిళ్లల్లో గార్నెట్ ఉందన్నమాట! మా నాన్నగారి ఉంగరంలో ఉంది. ఆయనకీ కబురు చెప్పాలి.

అనుపమ_డల్లాస్
పైన వాసు గారు డిమాంటాయిడ్ పేరు ఒక్కసారే అని వదిలేశారు. "ట్రీట్‌మెంట్ లేదు" అన్న మాటను గట్టిగా పట్టుకోవాల్సింది ఆ రాయి దగ్గర. నేను దానివల్లే దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆరేళ్ల కిందట ఫిబ్రవరిలో టూసాన్ జెమ్ షోకి వెళ్లాను. ఒక స్టాల్‌లో రష్యా డిమాంటాయిడ్ చూశాక కాళ్లు కదల్లేదు. దాంట్లో కాంతి విడిపోయి రంగులు చిమ్మే తీరు వజ్రాన్ని మించుతుంది. లెక్కల్లో చెప్పాలంటే డిమాంటాయిడ్ డిస్పర్షన్ 0.057, వజ్రానిది 0.044. వజ్రం లాంటిదనే ఆ పేరు పెట్టారు. లూప్‌లో, అంటే చిన్న భూతద్దంలో చూస్తే లోపల బంగారు పోగుల్లాంటి నారలు, ఒక చుక్క దగ్గర మొదలై విచ్చుకున్నట్టు ఉంటాయి. గుర్రపు తోక అంటారు. మామూలుగా మచ్చ ఉంటే రేటు తగ్గుతుంది, ఈ రాయికి ఆ తోక ఉంటే రేటు పెరుగుతుంది.

0.80 క్యారట్, "అన్‌హీటెడ్" అని రాసిచ్చారు. కొన్న తర్వాత ల్యాబ్‌కి పంపితే వేడి చేసిన ఆనవాళ్లు ఉన్నాయని వచ్చింది. రష్యాలోని ఉరల్ కొండల డిమాంటాయిడ్‌ని తక్కువ వేడిలో పెట్టి గోధుమ, పసుపు ఛాయ తగ్గించడం ఆ వ్యాపారంలో మామూలేనట. అమ్మినాయన కూడా తనకు తెలియదన్నాడు, నిజమే కావచ్చు. గట్టిగా మాట్లాడితే కొంత డబ్బు వెనక్కి ఇచ్చాడు. రాయి మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, అంత ఇష్టం. కానీ పెట్టుకున్నప్పుడల్లా ఆ రిపోర్టు గుర్తొస్తుంది.

అందుకని డిమాంటాయిడ్ అయితే ముందు రిపోర్టు, తర్వాత డబ్బు. నమీబియా, మడగాస్కర్ రాళ్లకూ నేను అదే పాటిస్తాను.

సాగర్77
అనుపమ గారూ, రోజూ పెట్టుకునే ఉంగరానికి డిమాంటాయిడ్ ఆగుతుందా?

అనుపమ_డల్లాస్
నేను లాకెట్‌లో పెట్టించాను. గట్టిదనం మోస్ స్కేలు (పదికి కొలుస్తారు) మీద 6.5 నుంచి 7 మధ్యే. ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువులు 7, రుద్దుకుంటే గీతలు పడతాయి. చెవులకు, మెడకు బాగుంటుంది. సావొరైట్ 7 నుంచి 7.5, ఉంగరానికి అదే కాస్త నయం.

రఘు_కూకట్‌పల్లి
ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాలేదు. పచ్చ పచ్చే. మళ్లీ అమ్మాలంటే పచ్చకు గిరాకీ ఉంటుంది, ఈ సావొరైట్ పేరు మన ఊళ్లో ఎవరికి తెలుసు? ఇంకో మంచి పచ్చ కొనుక్కోండి.

జైపూర్_వాసు
రఘు గారూ, అమ్మకం మాట నిజం చెప్పాలి. నగల షాపుకి తిరిగిస్తే బంగారానికి లెక్క కడతారు, రంగురాయికి పచ్చైనా సావొరైటైనా చాలాచోట్ల సున్నా. అమ్ముకోవడానికే అయితే రెండూ వద్దు, బంగారం బిస్కెట్ కొనాలి. నూనె అసలు లేని మంచి పచ్చ ఉంటుంది, కానీ ఆ రేటు కృష్ణవేణి గారి బడ్జెట్‌కి నాలుగైదు రెట్లు పైన మొదలవుతుంది. పచ్చలో పగుళ్లు సహజం, అందుకే తరతరాలుగా నూనె పట్టిస్తున్నారు, అది మోసం కాదు. చెప్పకుండా అమ్మడం తప్పు.

కృష్ణవేణి గారూ, మీ పాత రాయి పాడైపోలేదు. పగుళ్లలో నూనె పోయింది అంతే. తెలిసినవాళ్లకిస్తే శుభ్రం చేసి మళ్లీ నూనె పట్టిస్తారు, చాలావరకు మునుపటిలా వస్తుంది. ఈసారి మెషీన్‌లో మాత్రం వేయనివ్వకండి.

కృష్ణవేణి_గుంటూరు
నిజంగానా వాసు గారూ? ఈ మాట మూడు నెలల ముందు ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది. ఆయన కూడా పైకి అనలేదు గానీ చాలా బాధపడ్డారు. ఆ ఉంగరం దాచేసుకుని కూర్చున్నా.

రఘు_కూకట్‌పల్లి
బిస్కెట్ మాట ఒప్పుకుంటాను. నూనె విషయం నాకూ ఇప్పుడే తెలిసింది.

జైపూర్_వాసు
ఇక విజయవాడలో చూసిన 1.32 గురించి. మీరు "ముదురు ఆకుపచ్చ" అన్నారు. షాపులో పసుపు లైట్ల కింద ముదురు రాయి బ్రహ్మాండంగా కనబడుతుంది. ఒకసారి గుమ్మం బయటకు తీసుకెళ్లి నీడపట్టున, ఎండ నేరుగా పడని వెలుగులో చూడండి. మామూలు ట్యూబులైటు కింద కూడా చూడండి. అక్కడ నల్లగా అయిపోతే ఆ రాయి మీకు సాయంత్రాలు నల్లరాయే. ముదురైనా లోపల వెలుగు బతికుండాలి.

ఇంకోటి, రాయిని అక్షరాలున్న కాగితం మీద ముఖం పైకి పెట్టి నేరుగా చూడండి. నడిమధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే సాన లోతు తక్కువ, వెలుగు కిందికి జారిపోతోందని అర్థం. మేము విండో అంటాం. సావొరైట్ వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే శక్తి, 1.74 దగ్గర ఉంటుంది కాబట్టి సాన బాగా పడితే అలా కనబడకూడదు. బరువు మిగుల్చుకోవాలని అడుగు లావుగా వదిలేసిన రాళ్లు కూడా ఉంటాయి, పక్కనుంచి చూస్తే బొజ్జ కనబడుతుంది. ఆ బొజ్జకీ క్యారట్ రేటే కడతాం.

పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్ పెట్టినప్పుడు వెనక అంచులు రెండేసి గీతలుగా కనబడితే అది గార్నెట్ కాదు. గార్నెట్‌లో వెలుగు రెండుగా చీలదు. పెరిడాట్, క్రోమ్ డయాప్సైడ్ అనే వేరే ఆకుపచ్చ రాళ్లలో చీలుతుంది, వాటిని సావొరైట్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. క్రోమ్ డయాప్సైడ్ రంగు అచ్చం ఇలాగే, కానీ మెత్తన, ఉంగరంలో త్వరగా అరిగిపోతుంది. గాజుకీ చీలదు, అందుకే లూప్ ఒక్కదాన్ని నమ్మి కొనకూడదు, ల్యాబ్ తప్పదు.

చందు_ఉప్పల్
ల్యాబ్ కార్డులు కూడా ప్రింట్ కొట్టేస్తున్నారు కదా. వీధికో ల్యాబ్ ఉంది.

జైపూర్_వాసు
అది నిజమైన ప్రమాదమే. అందుకే షాపువాడిచ్చే కార్డు తీసుకుని ఊరుకోకూడదు. కార్డు మీద నంబరు ఉంటుంది, ఆ ల్యాబ్ సైట్లో వేసి ఫోటో, బరువు, కొలతలు కలుస్తున్నాయా చూడాలి. మన దేశంలో జైపూర్‌లో 1972 నుంచి ఒక ల్యాబ్ ఉంది, రత్నాభరణాల ఎగుమతి మండలి జీజేఈపీసీ పెట్టింది. ముందు జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ అనేవారు, ఇప్పుడు ఐఐజీజే రీసెర్చ్ అండ్ ల్యాబొరేటరీస్ సెంటర్ అంటున్నారు. ముంబయిలో జీఐఏ ల్యాబ్ ఉంది, ఐజీఐ ఉంది. రాయి విడిగా ఉన్నప్పుడే పరీక్ష చేయించాలి. బంగారంలో బిగించేశాక అడుగు కనబడదు, బరువు తెలియదు.

కార్డులో "నేచురల్", "గ్రాసులర్ గార్నెట్", ఆ కింద "సావొరైట్" అని ఉండాలి. లేత పచ్చదాన్ని కొన్ని ల్యాబులు సావొరైట్ అని రాయవు, ఉత్త గ్రాసులర్ అని వదిలేస్తాయి, వ్యాపారంలో దాన్ని మింట్ గార్నెట్ అంటారు. అది నకిలీ కాదు, టాంజానియాలోని మెరెలాని వైపు నుంచే వస్తుంది. కొందరికి ఆ లేతదనమే ఇష్టం. కానీ రేటు సావొరైట్ రేటు కాకూడదు.

కంసాలి_మనవడు
అందరూ రాయి గురించే మాట్లాడుతున్నారు, పొదిగేవాడి గురించి ఎవరూ అడగలేదు. మా తాతది, నాన్నది, నాది కంసాలి పనే, చీరాల దగ్గర.

గార్నెట్‌కు దెబ్బకన్నా వేడి భయం. ఉంగరం సైజు పెంచాలని రాయి లోపలుండగానే టంకం పెడితే, ఊదుగొట్టం మంట తగిలి చటుక్కున చల్లారితే, రాయి లోపల పగిలిపోతుంది. వజ్రం ఉంగరాలకు అలా చేసి అలవాటుపడ్డవాళ్లు గార్నెట్‌కీ అదే చేస్తారు. మా నాన్న ఒకసారి బయట పగిలిన రాయి చూపించి "ఇది రాయి తప్పు కాదురా, తొందర తప్పు" అన్నాడు.

కాబట్టి అక్కా, ముందు వేలి కొలత సరిగ్గా ఇవ్వండి, సాయంత్రం పూట కొలవండి, పొద్దున వేళ్లు సన్నగా ఉంటాయి. ఉంగరం మొత్తం తయారై, మెరుగు కూడా అయ్యాక ఆఖరున రాయి బిగించమనండి. రోజూ పెట్టుకుంటారు కాబట్టి చుట్టూ బంగారం అంచుతో బిగిస్తే గట్టిగా ఉంటుంది. నాలుగు ప్రాంగుల (రాయిని పట్టుకునే బంగారు కాళ్ల) మీద పెడితే వెలుగు బాగా వస్తుంది, కానీ చీర కొంగు, జుట్టు తగులుకుంటాయి. రెండిటికీ మధ్యస్తంగా, సగం అంచు పెట్టి చేయొచ్చు, నేను ఆడవాళ్ల ఉంగరాలకు అదే చెబుతాను.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసమో సబ్బునీళ్లో, మెత్తటి బ్రష్. అంతకన్నా ఏదీ వద్దు.

హాల్‌మార్క్ ఉంది కదా అని రాయి కూడా మంచిదే అనుకునేవాళ్లు చాలామంది. ఆ ముద్ర బంగారం స్వచ్ఛతకే. బిల్లులో రాయి బరువు విడిగా రాయించుకోండి, లేకపోతే రాయికీ బంగారం రేటు కట్టేస్తారు.

నెల్లూరి_పద్మ
కుంకుడు రసం! మా అమ్మమ్మ నగలన్నీ దాంతోనే కడిగేది. మా పిల్లకు చెబితే నవ్వింది, ఇప్పుడు ఈ పోస్టు చూపిస్తాను.

కృష్ణవేణి_గుంటూరు
నిన్న విజయవాడ వెళ్లొచ్చాను. వాసు గారు చెప్పినట్టే బయటకు తీసుకెళ్లి చూశా. షాపులో అమ్మాయి ముందు ఒప్పుకోలేదు, మావారు గుమ్మంలోనే నిలబడి "మేం ఎక్కడికీ పోం తల్లీ" అంటే ఇచ్చింది. నీడలో చూస్తే నా 1.32 రాయి అంచుల దగ్గర తప్ప అంతా నలుపు. నాకు నచ్చిన రంగు మొత్తం ఆ లైట్లదే. పేపర్ మీద పెట్టి చూస్తే మాత్రం అక్షరాలు కనబడలేదు.

మనసు చివుక్కుమంది గానీ, అక్కడే ట్రేలో ఇంకో చిన్నది ఉంది. 0.94 క్యారట్, గుండ్రటిది. బయట చూస్తే తడిసిన మామిడి చిగురు ముదిరాక ఉండే రంగు, లోపలంతా వెలుగు. లూప్‌లో చిన్న చుక్క ఒకటి కనబడింది. అడిగిన రేటు క్యారట్ 52 వేలు. చిన్నది అయిపోతుందా అని ఆలోచన.

జైపూర్_వాసు
కొలత చెప్పండి, మిల్లీమీటర్లలో.

కృష్ణవేణి_గుంటూరు
5.9 అట. నా పాత పచ్చ 6 ఉండేది, దాని బరువు ముప్పావు క్యారట్ లోపే.

జైపూర్_వాసు
అంతే మరి. సావొరైట్ సాంద్రత పచ్చ కన్నా ఎక్కువ, 3.6కి 2.7. అదే బరువు అయితే సావొరైట్ చిన్నగా కనబడుతుంది. అందుకే రాళ్లను క్యారట్లలో పోల్చుకోకుండా మిల్లీమీటర్లలో పోల్చాలి. 5.9 మీ పాతదాని అంతే. చుక్క ఒకటి ఉండటం మంచిదే, కన్నుకు కనబడకపోతే చాలు. సావొరైట్ గ్రాఫైట్ ఉన్న శిలల్లో పుడుతుంది, నల్లటి రేణువులు లోపల ఉండటం మామూలు. నేనైతే ఇదే తీసుకుంటాను. ల్యాబ్ కార్డు షరతు మీద అడ్వాన్స్ ఇవ్వండి, కార్డులో వేరే పేరొస్తే మొత్తం వాపసు అని బిల్లు మీద రాయించుకోండి.

అనుపమ_డల్లాస్
వాసు గారి చివరి వాక్యం అందరూ రాసి పెట్టుకోండి. నాకు ఆ ఒక్క లైన్ లేకే అంత మాట్లాడాల్సి వచ్చింది.

రమణ_జియాలజీ
మామిడి చిగురు ముదిరిన రంగు అన్నారు చూడండి, నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఆ రంగుకు అంత బాగా పేరు పెట్టలేకపోయాను.

సాగర్77
కార్డు వచ్చాక ఇక్కడ చెప్పండి. మా చెల్లికి ఇంకా లాకెట్ బాకీ ఉంది, నేను కూడా సావొరైటే చూద్దామనుకుంటున్నా.

కృష్ణవేణి_గుంటూరు
పదకొండు రోజులకు వచ్చింది. "నేచురల్ గ్రాసులర్ గార్నెట్, వెరైటీ సావొరైట్", ట్రీట్‌మెంట్ ఆనవాళ్లు లేవు అని కూడా రాశారు. నంబరు సైట్లో వేసి చూశా, ఫోటో, కొలతలు, 0.94 అన్నీ కలిశాయి. రాయికి 48,880 అయింది. "గ్రీన్ స్టోన్" కొట్టించి సావొరైట్ అని బిల్లు రాయించా. బంగారం పని చీరాల తమ్ముడికే ఇచ్చాను, ఇక్కడి నుంచి గంటన్నర ప్రయాణం. సాయంత్రం పూట కొలత తీసుకున్నాడు!

పాత పచ్చను కూడా వాసు గారు చెప్పిన పద్ధతిలో నూనె పట్టించడానికి పంపాను. నిన్ననే తిరిగొచ్చింది. గీతల్లో రెండు మిగిలాయి, వెలుగులో పెడితే కనబడతాయి. మిగతాదంతా మునుపటిలాగే ఉంది. ఆయన చూసి ఏం మాట్లాడలేదు, తీసుకుని నా వేలికి పెట్టారు.

కంసాలి_మనవడు
అక్కా, ఉంగరం ఒళ్లు తయారైంది, మెరుగు కూడా అయిపోయింది. రాయి రేపు మీ ముందే బిగిస్తాను, పదింటికి రండి. పాత ఉంగరం కూడా వేలికి పెట్టుకుని రండి, రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయో ఎత్తు చూసుకుని అంచు దిద్దుతాను.